కాంటన్ కాల్చిన మాంసాల విందుకు వెళుతున్నారా?

కొడుకో కూతురో హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తుంటే తల్లిదండ్రులు వెళ్ళి కొన్నాళ్ళు ఉండి రావడం ఈ రోజుల్లో వింత కాదు. 1957లో మొదలై, ఏటా వసంతంలో ఒకసారి, శరత్కాలంలో ఒకసారి గ్వాంగ్‌జౌ నగరంలో జరిగే కాంటన్ వాణిజ్య ప్రదర్శనకు మన వ్యాపారులూ వెళ్ళి వస్తున్నారు. అక్కడ అతిథి మర్యాద అంటే చాలాసార్లు పెద్ద రెస్టారెంటులో కాల్చిన మాంసాల పళ్ళెమే.

ఇలా వెళ్ళేవారిలో యాభై దాటినవారు చాలామంది. వారి చేతిసంచిలో పాస్‌పోర్టుతోపాటు రక్తపోటు మాత్రలో, షుగరు మాత్రలో ఉంటాయి. "ఒక్కపూట తింటే ఏమవుతుంది డాక్టరుగారూ?" అని అడుగుతారు. ఆరోగ్యవంతులకు ఏమీ కాదు. కాని మందులు వాడేవారికి ఆ ఒక్కపూటలోనే కొన్ని చిక్కులున్నాయి. ముందుగా తెలుసుకుంటే వాటిని తప్పించుకోవడం కష్టం కాదు.

ఏమిటీ మాంసాలు?

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు వంటనే కాంటనీస్ వంట అంటారు. కాల్చిన మాంసాలకు వారి భాషలో 'సియూ మేయ్' అని పేరు. వీటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది చార్ సియూ. పంది మెడ, భుజం భాగాల మాంసాన్ని పొడుగాటి ముక్కలుగా కోసి సోయా సాస్, పంచదార, మసాలా పొడి కలిపి నానబెడతారు. తరువాత కొక్కేలకు తగిలించి పొయ్యిలో వేలాడదీసి కాలుస్తారు. పైన మాల్టోజ్ పాకమో తేనో పూస్తారు గనుక ముక్క నిగనిగలాడుతుంది, అంచులు నల్లబడతాయి. రెండవది సియూ యుక్. ఇది పంది పొట్టభాగం. చర్మానికి చిల్లులు పొడిచి, ఉప్పు పట్టించి, ఆరబెట్టి కాలిస్తే పైచర్మం అప్పడంలా కరకరలాడుతుంది. మూడవది కాల్చిన పెద్దబాతు. పొట్టలో మసాలా పెట్టి కుట్టి, పైన వెనిగరు, మాల్టోజ్ కలిపి పూసి, ఆరిన తరువాత కాలుస్తారు.

ఇవే మాంసాలను వీధి దుకాణంలో అన్నం మీద పరిచి ఇస్తారు. పెద్ద రెస్టారెంటులో పింగాణీ పళ్ళెంలో అందంగా పేర్చి, విందు మొదట్లోనే తెస్తారు. హాంకాంగ్‌లోని లంగ్ కింగ్ హీన్ అనే రెస్టారెంటు 2009 మిషెలిన్ గైడ్‌లో మూడు నక్షత్రాలు సంపాదించింది. చైనా వంట వండే రెస్టారెంట్లలో ఆ గౌరవం పొందినది అదే మొదటిది. అయితే ఒక్క సంగతి మరచిపోకండి. నక్షత్రాలు ఇచ్చేది వంటకు, ఉప్పు తక్కువ వేసినందుకు కాదు. ఖరీదు పెరిగినంత మాత్రాన కొవ్వు తగ్గదు.

అన్నం ఆఖరున వస్తుంది!

మధుమేహ రోగులు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసిన విషయం ఇది. మన భోజనంలో విస్తరి వేయగానే అన్నం వస్తుంది. కాంటనీస్ విందులో మొదట మాంసాలు, తరువాత సూపు, చేపలు, కూరలు ఒకటొకటిగా వస్తాయి. అన్నమో నూడుల్సో వచ్చేది దాదాపు ఆఖరున. అంతవరకు కబుర్లతో గంట, గంటన్నర సులువుగా గడిచిపోతుంది.

అలవాటు ప్రకారం కూర్చోగానే ఇన్సులిన్ పొడుచుకున్నవారి సంగతి ఏమిటి? మందు తన పని తాను మొదలుపెడుతుంది. కడుపులో ఉన్నది మాంసమే. చార్ సియూ తియ్యగా ఉంటుంది కదా, ఆ తీపి చాలదా అంటారేమో. పూత పూతే గాని భోజనం కాదు. రక్తంలో చక్కెర పడిపోతుంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకునేవారికీ ఈ ప్రమాదం ఉంది. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి చాలా అరుదు.

నా వద్దకు వచ్చే ఒక వ్యాపారికి అలాంటి విందులోనే చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. గది ఉక్కగా ఉందనుకుని కప్పు మీద కప్పు టీ తాగాడు. అక్కడి టీలో పంచదార వెయ్యరు! పక్కనున్న మిత్రుడు గ్రహించి తియ్యని పానీయం పట్టించాడు గనుక సరిపోయింది.

చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, కళ్ళు తిరగడం, మాట తడబడటం చక్కెర పడిపోయిందనడానికి గుర్తులు. వెంటనే మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగాలి. రోగికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మరో సంగతి. హాంకాంగ్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి ఎనిమిదంటే మనకు సాయంత్రం ఐదున్నర. మందును ఏ పూట ఎప్పుడు వేసుకోవాలో ప్రయాణానికి ముందే మీ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. విందులో మాత్రం మొహమాటపడకుండా మీ అన్నం గిన్నె ముందుగా తెప్పించుకోండి. ఎవరూ తప్పుపట్టరు. ఆ రోజుకు మందు మానేద్దామని మీ అంతట మీరు నిర్ణయించుకోకండి. మద్యం అసలే వద్దు. చక్కెర పడిపోయినప్పుడు కాలేయం కొంత చక్కెరను విడుదల చేసి ఆదుకుంటుంది. మద్యం దానికి అడ్డుపడుతుంది.

ఉప్పు కనిపించదు

రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. మాంసం ఊరేది అందులో, పైన పోసేదీ అదే. తీపి తోడవడం వల్ల ఉప్పదనం నాలుకకు తెలియదు.

రక్తపోటు ఉన్నవారికి దీనివల్ల పోటు పెరగవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవారికీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ మర్నాటికే కాళ్ళవాపు, ఆయాసం రావచ్చు. సాస్‌ను విడిగా ఇమ్మనండి. పళ్ళెం అడుగున చేరిన రసాన్ని అన్నంలో కలుపుకోకండి.

కొవ్వు, నల్లబడిన అంచులు

పచ్చి పంది పొట్టమాంసం బరువులో సగం దాకా కొవ్వే. కాల్చినప్పుడు కొంత కారిపోయినా చాలా మిగులుతుంది. బాతు చర్మం కిందా అంతే. చర్మం ఒక ముక్క రుచి చూసి, తరువాత కండభాగం తీసుకోవడం మంచి పద్ధతి.

మాంసం ఎక్కువ వేడికి మాడినప్పుడు, కొవ్వు నిప్పుల మీద పడి పొగ లేచినప్పుడు హానికరమైన రసాయనాలు కొన్ని పుడతాయి. నల్లగా మాడిన అంచులను తీసివేసి తినండి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎర్రమాంసాన్ని, అంటే పంది, మేక, పశుమాంసాలను, బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఉప్పుతోనో పొగతోనో నిలవచేసిన మాంసాన్ని నిస్సందేహంగా క్యాన్సర్ కారకమని తేల్చింది. అలాంటిది రోజూ 50 గ్రాములు తింటే పెద్దప్రేగు క్యాన్సర్ అవకాశం సుమారు 18 శాతం పెరుగుతుందని అంచనా. 'లాప్ చ్యోంగ్' అనే ఎండు సాసేజి ఈ కోవలోదే. కాంటన్ పద్ధతి ఉప్పుచేపకు ముక్కు వెనుక భాగంలో వచ్చే క్యాన్సర్‌తో సంబంధం ఉన్నట్లు రుజువైంది. పిల్లలకు అది అసలు పెట్టవద్దు.

ఇదంతా చదివి భయపడనక్కరలేదు. ఈ లెక్కలు ఏళ్ళ తరబడి తినేవారివి. ఎర్రమాంసం తినేవారు వండిన మాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటకుండా చూసుకుంటే మంచిది.

కొన్ని అపోహలు

పంది మాంసం తింటే మెదడులోకి పురుగులు పోతాయని మనవారికి భయం. సరిగా ఉడకని మాంసం వల్ల ప్రేగుల్లో బద్దెపురుగు చేరుతుంది, నిజమే. కాని మెదడు జబ్బు వచ్చేది ఆ పురుగు గుడ్లు మనిషి మలంతో కలుషితమైన నీరు, పచ్చికూరల ద్వారా కడుపులోకి పోవడం వల్ల. బాగా కాలిన మాంసంతో ఆ భయం లేదు. చార్ సియూ పైన ఎరుపు కనిపించేది నానబెట్టిన సరుకుల వల్ల, పచ్చిదనం వల్ల కాదు. లోపలి భాగం బాగా కాలిందో లేదో మాత్రం చూసుకోండి.

'టేస్టింగ్ సాల్ట్' వల్ల తలనొప్పి వస్తుందనే మాట 1968లో ఒక అమెరికా వైద్యపత్రికలో అచ్చయిన ఉత్తరంతో వ్యాపించింది. తరువాతి పరీక్షల్లో అది నిలకడగా రుజువు కాలేదు.

కాల్చిన మాంసం 'వేడి చేస్తుంది' అని కాంటన్ ప్రజలూ మనలాగే అనుకుని, చలువకు మూలికల కషాయం తాగుతారు. మాంసంతోపాటు వేడి టీ తాగితే కొవ్వు కరిగిపోతుందనీ అంటారు. టీ కొవ్వును కరిగించదు. కాని బీరుకూ, తియ్యని పానీయాలకూ బదులుగా అది మేలే. కీళ్ళవాతం, అంటే గౌట్, ఉన్నవారికి మాంసం, బీరు కలిస్తే ఆ రాత్రే బొటనవేలు వాచవచ్చు.

ఇలా చేయండి

నలుగురికి ఒక మాంసపు పళ్ళెం చాలు. మనిషికి మూడు నాలుగు ముక్కలు సరిపోతాయి. దానితోపాటు ఆవిరిమీద ఉడికించిన చేప, ఆకుకూర తెప్పించండి. కాంటనీస్ వంటలో వాటికీ గొప్ప పేరుంది. ఆచారరీత్యా పంది మాంసం తిననివారు ప్రతి వంటకం గురించి అడిగి తీసుకోండి. కూరల్లో పంది కొవ్వు వాడటం ఉంది. రొయ్యలు, వేరుసెనగ, గోధుమ పడనివారు ముందే చెప్పండి. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది.

మిగిలింది కట్టించుకుంటే రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. తిరిగి తినేటప్పుడు పొగలు వచ్చేలా వేడిచేయాలి.

పిల్లలు ప్రేమతో పిలిచిన విందును కాదనవద్దు. కాని మందు వేళ మీ చేతిలో ఉండాలి, అన్నం గిన్నె మీ ముందు ఉండాలి. జేబులో నాలుగు పంచదార బిళ్ళలు తప్పనిసరిగా ఉంచుకోండి.