అర్ధరాత్రి దిగిన విమానాలు

ఆరాంఘర్‌ చౌరస్తా. పీవీ ఎక్స్‌ప్రెస్‌ వే దిగుతున్న కార్లూ, బెంగళూరు వైపు వెళ్లే లారీలూ, విమానం అందుకోవాలన్న తొందరలో శంషాబాద్‌కు పరుగులు తీసే క్యాబ్‌లూ... 2008 మార్చిలో కొత్త విమానాశ్రయం మొదలయ్యాక ఈ దారికి నిద్రన్నదే లేదు. హైదరాబాద్‌లో తయారైన మందులూ టీకాలూ ఇక్కణ్నుంచే దేశదేశాలకు ఎగిరిపోతుంటాయి. అదే హైదరాబాద్‌కు ఒకప్పుడు మందులకే కటకట వచ్చింది. అప్పుడూ విమానాలొచ్చాయి... కానీ దొంగచాటుగా, చీకట్లో!

నలువైపులా నేలే
స్వాతంత్ర్యం వచ్చిన 1947లో నిజాం సంస్థానం భారతదేశంలో కలవలేదు. ఆ ఏడాది నవంబరు 29న రెండు ప్రభుత్వాల మధ్య యథాతథ ఒప్పందం కుదిరినా అది నిలవలేదు. పాకిస్థాన్‌కు రూ. 20 కోట్లు అప్పిచ్చారనీ, రజాకార్లను అదుపు చేయడం లేదనీ ఢిల్లీ ఆరోపణ. ఆర్థిక దిగ్బంధంతో గొంతు నులిమేస్తున్నారని నిజాం ప్రధాని లాయక్‌ అలీ ఫిర్యాదు.

హైదరాబాద్‌కు సముద్రం లేదు. రేవు అంతకన్నా లేదు. నాలుగు దిక్కులా భారత భూభాగమే. సరిహద్దుల్లో సరకులు ఆగిపోయేసరికి పెట్రోలు, ఉప్పు, మందులు... అన్నిటికీ కొరతే. చివరికి తాగునీటిని శుద్ధిచేసే క్లోరిన్‌కు కూడా! ఇక మిగిలింది ఆకాశమొక్కటే.

ఈ కాటన్‌ వేరు!
కాటన్‌ అనగానే మనకు గోదావరికి ఆనకట్ట కట్టిన దొరే గుర్తొస్తాడు. ఈయన వేరు... సిడ్నీ కాటన్‌. ఆస్ట్రేలియాలో పుట్టిన వైమానికుడు. చలికి గడ్డకట్టుకుపోయే పైలట్ల కోసం 1917లో ‘సిడ్‌కాట్‌’ సూట్‌ రూపొందించిన బుర్ర ఆయనదే. రెండో ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటిష్‌ గూఢచారి సంస్థ తరఫున జర్మనీ స్థావరాలను గాల్లోంచి ఫొటోలు తీసిన సాహసి కూడా.

1948లో ఆయన నిజాం ప్రభుత్వంతో బేరం కుదుర్చుకున్నాడు. లాంకాస్టర్‌ బాంబర్‌ నమూనాలోంచే పుట్టిన లాంకాస్ట్రియన్‌ విమానాలు తెచ్చాడు. కరాచీలో సరకు ఎక్కించడం, రాత్రివేళ భారత గగనతలం దాటి బీదర్‌, వరంగల్‌ మైదానాల్లో దించడం... ఇదీ పని. వాటిలో మందులూ ఉన్నాయి, తుపాకులూ ఉన్నాయి. ఈ రవాణాకుగాను తర్వాత బ్రిటన్‌ కోర్టు ఆయనకు వేసిన జరిమానా 200 పౌండ్లు.

అదే ఏడాది బెర్లిన్‌లో...
సరిగ్గా అదే కాలంలో మరో నగరం కూడా దిగ్బంధంలో చిక్కుకుంది. 1948 జూన్‌ 24న పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు, జల మార్గాలన్నీ సోవియట్‌ సేనలు మూసేశాయి. లోపల 20 లక్షలకు పైగా జనం. అమెరికా, బ్రిటన్‌ విమానాలు రంగంలోకి దిగాయి. 15 నెలల్లో 2.7 లక్షలకు పైగా ట్రిప్పులు, సుమారు 23 లక్షల టన్నుల సరకు! అందులో మూడింట రెండొంతులు బొగ్గే. పిల్లల కోసం ఓ పైలట్‌ జేబురుమాళ్లను పారాచూట్లుగా కట్టి చాక్లెట్లు జారవిడిచేవాడు. లాంకాస్ట్రియన్లు అక్కడా ఎగిరాయి... ఇంధనం మోస్తూ. చివరకు 1949 మే 12న సోవియట్లే దారి వదిలారు.

విమానం ఒకటే. మోసిన బరువే వేరు. ఒక్క నగరానికి తిండీ వెచ్చదనమూ అందించడానికే బెర్లిన్‌లో అన్ని విమానాలు కావలసివచ్చాయి. కోటిన్నర మందికి పైగా ఉన్న సంస్థానానికి కాటన్‌ తెచ్చిన కొద్దిపాటి విమానాలు ఏ మూలకు? అందులోనూ తుపాకులకు చోటిచ్చాక ఉప్పుకు మిగిలేదెంత?

అయిదు రోజుల్లో...
తెచ్చుకున్న ఆ తుపాకులైనా అక్కరకు రాలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టింది. బీదర్‌, వరంగల్‌ విమానాశ్రయాల మీద బాంబులు పడ్డాయి. 17న నిజాం లొంగిపోయాడు. అయితే ఆ రోజుల్లోనూ, అంతకుముందు రజాకార్ల దాడుల్లోనూ, ఆ తర్వాత కొన్ని జిల్లాల్లో జరిగిన హింసలోనూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఏ తుపాకీ పట్టని సామాన్యులే.

మళ్లీ ఆకాశమే దిక్కై...
73 ఏళ్ల తర్వాత హైదరాబాద్‌ మరోసారి ఆకాశం వైపు చూసింది. 2021 ఏప్రిల్‌లో కొవిడ్‌ రెండో దశ... ఆస్పత్రుల్లో ఆక్సిజన్‌ కరవు. బేగంపేట నుంచి వాయుసేన విమానాలు ఖాళీ ట్యాంకర్లను ఎక్కించుకుని ఒడిశాకు ఎగిరాయి. ద్రవ ఆక్సిజన్‌ నింపిన ట్యాంకర్లను విమానంలో తేవడం ప్రమాదం. అందుకే తిరుగు ప్రయాణం నేల మీదనే. అయినా వెళ్లే దారిలో మిగిలిన ప్రతి గంటా ఓ ఊపిరే! మే 1న మాస్కో నుంచి స్పుత్నిక్‌ టీకాలు దిగింది శంషాబాద్‌లోనే.

ఈసారి విమానాలు చీకటి పడేదాకా ఆగాల్సిన పని లేకపోయింది. వాటిలో ఏముందో ఎవరికీ దాచాల్సిన అవసరమూ రాలేదు.