మందకు ఒకే రకం గడ్డి ఎందుకు చాలదు?

బీడులో మేస్తున్న ఆవును గమనించండి. నాలుకతో గడ్డిని చుట్టి, గుత్తులుగా తెంపుతుంది. గొర్రె అలా కాదు. చీలిన పైపెదవితో నేల దగ్గరి లేత ఆకులను ఏరుకుని కొరుకుతుంది. అందుకే రకరకాల మొక్కలుంటే రెండూ కలిసి మేయగలవు.

గడ్డిలో పీచు ఎక్కువ. పిల్లిపెసర లాంటి పప్పుజాతి మొక్కల్లో మాంసకృత్తులు ఎక్కువ. వాటి వేరుబుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. మెల్లగా పక్కనున్న గడ్డికీ కొంత అందుతుంది. అలాగని లూసర్న్ అనే పప్పుజాతి మేతను పచ్చిగా, అదొక్కటే కడుపారా మేపితే ప్రమాదం! కడుపులో నురగ కట్టి, గాలి బయటికి రాక పశువు ఉబ్బిపోతుంది. ప్రాణమే పోవచ్చు. టానిన్లు ఉండే కొన్ని వగరు మొక్కలు ఆ నురగను కట్టనివ్వవు.

ఇన్ని రకాల్లో ఏది తినాలో గొర్రెపిల్ల తల్లిని చూసి నేర్చుకుంటుంది. ఈసారి బీడుకు వెళ్లినప్పుడు జానెడు నేలలో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టండి.