పైరుకు జ్ఞాపకమెక్కడ?

నెల్లూరు పేరు వినగానే తిక్కన సోమయాజి తరువాత తలపునకు వచ్చేది మొలగొలుకుల బియ్యం. పెన్న నీటితో పండే ఈ సీమలో వరిపైరుకు పెద్ద శత్రువు అగ్గితెగులు. వానలు వెలిసి, రాత్రులు చల్లబడి, ఆకులమీద మంచు ప్రొద్దెక్కేదాకా నిలిచే రోజులలో ఇది విజృంభిస్తుంది. అంచున గోధుమరంగు, నడుమ బూడిదరంగు గల నూలుకండె ఆకారపు మచ్చలు ఆకుమీద పుడతాయి. అవి కలిసిపోయిన మడి దూరానికి నిప్పంటుకొన్నట్లు కనబడుతుంది. పేరు అందువల్లనే వచ్చినది. ఇదే తెగులు వెన్ను మెడకు సోకితే గింజ తాలుపోతుంది. దానిని మెడవిరుపు అంటారు.

ఇంత నష్టానికి మూలమైన శిలీంధ్రబీజం కంటికి ఆనదు. అది తడి ఆకుపై వాలి, జిగురుతో అతుక్కొని, చిన్న బుడ్డివంటి అవయవాన్ని నిర్మించుకొంటుంది. అందులోని పీడనం వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్ల వరకు పెరుగుతుంది. ఆ ఒత్తిడితో మేకు దించినట్లుగా ఆకుపొరను చీల్చుకొని లోపలికి దిగుతుంది.

వరిమొక్క మాత్రం చేతులు ముడుచుకొని కూర్చుంటుందా? ఆకుపైని మైనపుపూత, పొరలలో పేరుకొన్న సిలికా దాని కోటగోడలు. మనకు చర్మం ఎట్టిదో దానికి అవి అట్టివి. గోడ దాటిన శత్రువును కనిపెట్టడానికి కణాల వెలుపలి పొరలపై కావలివారున్నారు. శిలీంధ్రపు గోడలోని కైటిన్ తునకలు తగలగానే వారు కణాన్ని హెచ్చరిస్తారు. శిలీంధ్రం కూడా తక్కువది కాదు. కావలివారిని మాయచేసే మాంసకృత్తులను కణంలోనికి పంపుతుంది. ఆ మాయను పసిగట్టే లోపలి కాపలాదారులకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు చాలా పొడుగు. దాని పొడి అక్షరాలు ఎన్.ఎల్.ఆర్. విచిత్రమేమంటే, నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం తన వరి వంగడాలకు పెట్టే గుర్తుకూడా ఎన్.ఎల్.ఆరే! ఇది కేవలం కాకతాళీయం. కాని విద్యార్థులకు గుర్తుండిపోయే కాకతాళీయం.

శత్రువు చిక్కగానే, సోకిన కణం తనంతట తానే చచ్చిపోతుంది. తిండి దొరకక శిలీంధ్రం అక్కడే ఆగిపోతుంది. పూరిపాకల ఊరిలో నిప్పంటుకొంటే నడుమనున్న పాక కప్పు లాగివేసి తక్కిన ఊరిని దక్కించుకోవడం వంటిదే ఇది. అంతే కాదు. ఒక ఆకు తిన్న దెబ్బ తక్కిన ఆకులను మేలుకొలుపుతుంది. పొగాకు మొక్కలో ఒక ఆకుకు వైరస్ సోకిన తరువాత, సోకని ఆకులుకూడా రెండవ దాడిని మెరుగుగా తట్టుకొంటాయని 1961లో రాస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు నిరూపించాడు.

మానవదేహంలోకూడా ఇంచుమించు ఇటువంటి కట్టడమే గల కాపలాదారులు కణాలలో ఉన్నారు. అయితే మనకు మరొక సంపద ఉన్నది. అది రక్తం. అందులో తెల్లకణాలు ఊరూరా తిరిగే గస్తీవారివలె దేహమంతటా సంచరిస్తాయి. వాటిలో కొన్ని ఎదిరించిన శత్రువును ఏండ్ల తరబడి మరచిపోవు. ఒకసారి తట్టు పోసిన బిడ్డకు సాధారణంగా మళ్ళీ పోయదు. ఈ జ్ఞాపకశక్తిని ఆధారం చేసుకొనే 1796లో జెన్నర్ టీకా వేశాడు. 1980 నాటికి మశూచికం భూమిమీద లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించగలిగింది.

మొక్కకు రక్తం లేదు, సంచరించే కణాలూ లేవు. విత్తనంలో సంక్రమించిన కాపలాదారులే దానికి దిక్కు. శిలీంధ్రమో, వేషం మార్చుకొంటూనే ఉంటుంది. ఒకే జన్యువును నమ్ముకొన్న వంగడం కొన్నేండ్లకే లొంగిపోవచ్చు. అప్పుడు క్రొత్త కాపలాదారు ఎక్కడ దొరకాలి? పాత వంగడాలలో, అడవి వరిలో దొరకాలి. ఎండాకు తెగులును ఎదిరించే ఒక జన్యువు ఆఫ్రికా అడవి వరినుండి వచ్చినదే. హైదరాబాదు శాస్త్రజ్ఞులు దానిని మరి రెండు జన్యువులతో కలిపి సాంబమసూరిలో ప్రవేశపెట్టారు. ఆ మేలురకం 2008లో విడుదలయింది. నెల్లూరు పరిశోధనా స్థానం తిక్కన, పినాకిని, స్వర్ణముఖి అని తన వంగడాలకు ఈ నేల పేర్లే పెట్టుకొన్నది. ఎన్.ఎల్.ఆర్. 34449 అనే నెల్లూరు మసూరికి అగ్గితెగులును తట్టుకొనే గుణమున్నది.

కాబట్టి మన రోగస్మృతి మన రక్తంలో ఉంటే, పైరు స్మృతి విత్తనంలోను, ఆ విత్తనాన్ని దాచి ఎన్నుకొనే మనిషిలోను ఉన్నది. జిల్లా అంతటా ఒకే రకం నాటి, నత్రజని ఎరువు మితిమీరి వేస్తే, తెగులుకు మనమే దారి తీసినవారమవుతాము. ఎవరూ వేయని పాత వంగడం గాదెలో పురుగుపట్టి పోయిన నాడు, రేపటి తెగులును గుర్తుపట్టగల కాపలాదారు ఒకడు ఎవరికీ తెలియకుండానే పోయి ఉండవచ్చు. మొక్క తన బిడ్డలకు కథలు చెప్పలేదు. ఆ కథను భద్రపరచవలసినవారము మనమే.