పెకొరినో అంటే చీజ్ ఒక్కటే కాదు.. ఈ ద్రాక్షను పీకేసిన రైతులే మళ్లీ ఎందుకు నాటుతున్నారంటే..

పెకొరినో అని గూగుల్‌లో కొడితే ముందుగా కనిపించేవి చీజ్ ఫొటోలే. పాస్తా మీద తురిమి వేసుకునే, గొర్రె పాలతో చేసే ఇటలీ చీజ్ అది. అదే పేరుతో అక్కడ ఓ తెల్ల ద్రాక్ష కూడా ఉంది. దాంతో వైట్ వైన్ చేస్తారు. అందులో చీజ్ ఏమీ ఉండదు లెండి! ఇటాలియన్‌లో 'పెకొర' అంటే గొర్రె. మందలను కొండల మీదికి తోలుకెళ్లే దారిలో గొర్రెలు ఈ పండ్లను తెగ తినేవట.. అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతుంటారు.

ఇటలీ తూర్పు తీరంలోని మార్కే, అబ్రుజ్జో ప్రాంతాలు దీనికి పుట్టిల్లు. అయితే గుత్తులు చిన్నవి, దిగుబడి తక్కువ. పక్కనే ట్రెబియానో అనే రకం విరగకాస్తుంటే రైతు ఏం చేస్తాడు? పెకొరినో తీగలు పీకేసి ట్రెబియానో నాటుకున్నాడు. తప్పు పట్టడానికి లేదు, అప్పట్లో కిలోల లెక్కే లెక్క. అలా 20వ శతాబ్దం రెండో సగానికి వచ్చేసరికి ఈ రకం దాదాపు కనుమరుగైపోయింది.

1980ల్లో గ్విదో కొచ్చి గ్రిఫోని అనే వైన్ తయారీదారు పాత స్థానిక రకాల కోసం వెతకడం మొదలుపెట్టారు. అర్క్వాటా దెల్ ట్రోంటో అనే కొండ ఊళ్లో పెకొరినో తీగలు ఇంకా బతికే ఉన్నాయని తెలిసి వెళ్లారు. అక్కడి కొమ్మలు తెచ్చి తన తోటలో పెంచారు. 1990 నాటి పంటతో వైన్ చేశారు. ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. 2016 ఆగస్టు 24న మధ్య ఇటలీలో దాదాపు 300 మందిని బలి తీసుకున్న భూకంపంలో బాగా దెబ్బతిన్న ఊళ్లలో ఈ అర్క్వాటా కూడా ఒకటి. అప్పటికే ఆ కొమ్మల నుంచి వచ్చిన తీగలు కిందనున్న తోటల్లో కాపు మీదున్నాయి.

ఇంతకీ ఈ వైన్ స్పెషాలిటీ ఏంటి? మామూలుగా ద్రాక్ష పండేకొద్దీ తీపి పెరిగి, పులుపు తగ్గిపోతుంది. పెకొరినో త్వరగా పండుతుంది, తీపి బాగా పడుతుంది, అయినా పులుపు నిలబడుతుంది. అందుకే ఆల్కహాల్ 13, 14 శాతం ఉన్నా రుచి చప్పబడదు. చిన్న గుత్తుల్లో రుచి చిక్కగా ఉంటుంది. ఒకప్పుడు రైతు వద్దనుకున్నది కూడా ఆ చిన్న గుత్తులనే!

ఇటలీ వైన్లకు ఇచ్చే అత్యున్నత గుర్తింపు డీఓసీజీ. మార్కేలోని ఒఫ్ఫిడా ప్రాంతానికి అది 2011లో దక్కింది. సీసా మీద 'ఒఫ్ఫిడా పెకొరినో' అని రాయాలంటే అందులో కనీసం 85 శాతం ఈ ద్రాక్షే ఉండాలి.