తేలిన రాయి.. మునిగిన సెమినార్

‘అన్నా, నువ్వు పంపిన రాయి నా పరువు తీసింది.’

రాత్రి పది దాటాక మా బాబాయి కొడుకు చింటూ ఫోన్. వాడు ట్రిపుల్‌ఈ మూడో సంవత్సరం. ఆ రోజు కాలేజీలో సెమినార్ ఇచ్చాడు. టాపిక్: ‘గది ఉష్ణోగ్రతలో సూపర్‌కండక్టర్, కరెంటు సరఫరాలో విప్లవం’. మొత్తం 18 స్లైడ్లు. మొదటి స్లైడ్‌లోనే అయస్కాంతం మీద ఒక అంచు గాల్లోకి లేచి నిలబడ్డ నల్లటి రాయి ముక్క ఫొటో. అయిదో స్లైడ్ దగ్గర మేడమ్ ఆపి ఒక్కటే అడిగారట. ‘దీన్ని ఇంకెవరైనా తయారు చేసి చూశారా?’

వాడి దగ్గర జవాబు లేదు. వెనక బెంచీలో ఎవడో అప్పటికే ఫోన్లో వెతికేసి ‘మేడమ్, ఇది ఆగస్టులోనే అయిపోయింది’ అన్నాడట. క్లాసంతా ఒకటే నవ్వు.

ఇది 2024 జనవరి మాట. వాడికి ఆ రాయిని పరిచయం చేసింది నేనే. 2023 జులై ఆఖరి వారంలో మా ఫ్యామిలీ గ్రూప్‌లో వీడియో పెట్టి, కింద ‘కరెంటు తీగల్లో ఇక నష్టం ఉండదు, మన జీవితాలు మారిపోతున్నాయి’ అని రాశాను. ‘మారిపోవచ్చు’ అని కూడా కాదు, ‘మారిపోతున్నాయి’ అని. పెద్దమ్మ దండం బొమ్మ పెట్టింది. చింటూ ‘సూపర్ అన్నా’ అన్నాడు. ఆ తర్వాత ఆ రాయి చచ్చిపోయిందన్న కబురు మాత్రం నేను గ్రూప్‌లో పెట్టలేదు.

ఎల్‌కే-99 గుర్తుందా మీకు? అప్పట్లో మీ ఫీడ్‌లోకి కూడా వచ్చే ఉంటుంది. 2023 జులై 22న దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ఆర్కైవ్ అనే సైట్‌లో రెండు పేపర్లు పెట్టారు. పత్రికలో అచ్చయ్యేముందు, వేరే నిపుణులు పరిశీలించకముందే పేపర్లు పెట్టుకునే చోటు అది. సీసం, రాగి, భాస్వరం, ఆక్సిజన్ కలిసిన ఒక పదార్థం మామూలు గాలి పీడనంలో, 127 డిగ్రీల సెల్సియస్ దాకా సూపర్‌కండక్టర్‌గా పనిచేస్తుందని వాళ్ల మాట. అందులో ఇద్దరి ఇంటిపేర్లు లీ, కిమ్. వాళ్లు దీని మీద పని మొదలుపెట్టిన ఏడాది 1999. పేరు అలా వచ్చింది.

సూపర్‌కండక్టర్ అంటే, ఛార్జింగ్ పెట్టినప్పుడు మీ ఫోన్ వేడెక్కుతుంది కదా, ఆ వేడిలో కొంత తీగల నిరోధం వల్ల వృథా అయిన కరెంటే. సూపర్‌కండక్టర్‌లో ఆ నిరోధం సున్నా. ‘తక్కువ’ కాదు, సున్నా. 1911లో నెదర్లాండ్స్‌లో కామర్‌లింగ్ ఓన్స్ పాదరసంలో దీన్ని మొదటిసారి చూశాడు. చిక్కేంటంటే, దానికోసం పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీలకు చల్లబరచాల్సి వచ్చింది. ఇవాళ్టికీ మనం ఎమ్మారై స్కాన్‌కి వెళితే ఆ పెద్ద గొట్టం లోపల ఉండే తీగచుట్టలని ద్రవ హీలియంతో దాదాపు అంత చల్లగానే ఉంచుతారు. స్కాన్ ఖరీదులో అదీ ఒక భాగం. అలాంటిది ఫ్యాన్ కింద, టేబుల్ మీద పనిచేస్తుందంటే పిచ్చెక్కదా మరి!

పైగా దీనికి రెసిపీ ఉంది. పప్పుచారంత తేలిక కాకపోయినా దొరకని సరుకులేం కాదు. సీసం ఆక్సైడ్, సీసం సల్ఫేట్ కలిపి 725 డిగ్రీల దగ్గర ఒక రోజు కాల్చాలి. రాగిని, భాస్వరాన్ని 550 దగ్గర రెండ్రోజులు కాల్చాలి. రెండూ నూరి, గాలి తీసేసిన క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి 925 డిగ్రీల దగ్గర మళ్లీ కాల్చాలి. అంతే.

ఆ పదిహేను రోజులు నేను ఆఫీసులో ఏం పనిచేశానో నిజంగా గుర్తులేదు. ట్విట్టర్ అప్పుడే ఎక్స్ అని పేరు మార్చుకుంది. ఆ గోల కన్నా ఈ గోలే ఎక్కువ. ఆండ్రూ మెకాలిప్ అని కాలిఫోర్నియాలో ఒక అంతరిక్ష కంపెనీ ఇంజినీరు. తన ల్యాబ్‌లో రాయి వండటాన్ని ట్విచ్‌లో లైవ్ పెట్టాడు. లైవ్ అంటే ఏం లేదు, కొలిమి కనిపిస్తుంటుంది. నేను రాత్రి ఒంటిగంటకు కూర్చుని కొలిమిని చూశాను. నా రూమ్మేట్ వచ్చి ‘స్కోరెంతైంది?’ అని అడిగి పోయాడు.

రెండు పేపర్ల మధ్య తేడా రెండు గంటల పైచిలుకు. మొదటిదాంట్లో రచయితలు ముగ్గురు, రెండోదాంట్లో ఆరుగురు. నోబెల్‌ను ముగ్గురికి మించి పంచరు కదా, లోపల తగాదా ఉందన్నమాట! సైన్స్ తెలియనివాళ్లకి కూడా ఇది అర్థమయ్యే కథే. కొరియాలో సూపర్‌కండక్టర్ అన్న మాటతో కాస్త చుట్టరికం ఉన్న కంపెనీల షేర్లు కూడా ఎగిరాయి. పొద్దున ‘వచ్చేసింది’ అని పోస్టులు, సాయంత్రం ‘అయిపోయింది’ అని పోస్టులు, మర్నాడు మళ్లీ ‘వచ్చేసింది’.

ఇక జులై 31. నా సంగతి చెప్పాలంటే ఈ ఒక్క రోజు చాలు.

ఆ రోజు అమెరికాలోని లారెన్స్ బర్క్లీ ల్యాబ్‌కి చెందిన షినేడ్ గ్రిఫిన్ ఒక పేపర్ పెట్టారు. కంప్యూటర్ లెక్కల ప్రకారం ఈ పదార్థంలో, సూపర్‌కండక్టర్లలో ఆసక్తికరంగా చూసే ఒక రకం ఎలక్ట్రాన్ల అమరిక ఉండొచ్చని అందులో ఉంది. దానికి తోడుగా ఆమె ఒబామా మైకు వదిలేసే జిఫ్ పెట్టారు. ఇక చూడండి, ‘అమెరికా నేషనల్ ల్యాబ్ ఒప్పుకుంది’ అని ఊరంతా డప్పు. తన పేపర్ సూపర్‌కండక్టివిటీని రుజువు చేయలేదని ఆమె తర్వాత వివరంగా చెప్పారు. ఆ వివరణని ఎంతమంది చదివారు? నేనైతే చింటూ సెమినార్ పోయాకే చదివాను.

సరిగ్గా అదే రోజు ఢిల్లీ నుంచీ ఒక పేపర్ వచ్చింది. నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ, అంటే మన దేశపు అధికారిక సమయాన్ని నిర్ణయించే ల్యాబే. అక్కడ వి.పి.ఎస్. అవానా బృందం కొరియా రెసిపీ ప్రకారం రాయిని నిజంగానే వండింది. ప్రపంచంలో మొదటగా చేసి చూపించినవాళ్లలో వాళ్లు ఒకరు. ఎక్స్‌రేలో పదార్థం దాదాపు సరిగ్గానే వచ్చింది. అయస్కాంతం మీద పెడితే తేలలేదు. సూపర్‌కండక్టివిటీ జాడ లేదు. అదే రోజు చైనాలోని బెయ్‌హాంగ్ యూనివర్సిటీ వాళ్లు కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పారు.

నేను ఆ రోజు గ్రూప్‌లో ఒబామా జిఫ్ పెట్టాను. ఢిల్లీ పేపర్ కనిపించింది. సగం స్క్రోల్ చేశాను. ‘వీళ్లకి సరిగ్గా వండటం రాలేదేమో’ అనుకుని వదిలేశాను.

సిగ్గుగా ఉంది కానీ అదే నిజం. సాఫ్ట్‌వేర్‌లో మాకో పాత జోకు ఉంది. టెస్టర్ బగ్ ఉందంటే డెవలపర్ ‘నా సిస్టమ్‌లో పనిచేస్తోందే’ అంటాడు. ఆ మాట విని అందరం నవ్వుతాం. ఢిల్లీ టెస్టర్ బగ్ రిపోర్టు పంపితే నేను మాత్రం కొరియా సిస్టమ్‌నే నమ్మాను. ఎందుకంటే తేలే రాయికి వీడియో ఉంటుంది. తేలని రాయికి వీడియో ఎవరు తీస్తారు? తీసినా ఎవరు చూస్తారు? బల్ల మీద పడి ఉన్న రాయి అది.

ఆగస్టు 1న చైనాలోని హువాజోంగ్ యూనివర్సిటీ నుంచి బిలిబిలిలో ఇంకో వీడియో వచ్చింది. అయస్కాంతం దగ్గరికి తెస్తే చిన్న తునక లేచి నిలబడుతుంది. దాన్నీ ఫార్వర్డ్ చేశాను. సెకన్ పట్టదు కదా!

సెమినార్ సంగతికి వద్దాం. మేడమ్ మంచావిడ. మార్కులు కోసెయ్యలేదు. ‘ఇదే టాపిక్ మళ్లీ చెయ్యి, ఈసారి ఇది తప్పని ఎలా తేల్చారో చెప్పు’ అని రెండు వారాలు గడువిచ్చారు. చింటూ నన్ను వదల్లేదు. ‘పంపింది నువ్వే, చదివిపెట్టేదీ నువ్వే’ అన్నాడు. రాత్రుళ్లు వీడియో కాల్‌లో ఇద్దరం కూర్చున్నాం. ఆర్నెల్ల కింద నేను చూడాల్సింది అప్పుడు చూశాను. ఒట్టేసి చెబుతున్నా, వీడియోల కన్నా ఈ భాగమే బాగుంది.

ముందు తేలడం సంగతి. డెరిక్ వాన్ గెనెప్ అని హార్వర్డ్‌లో ఇదివరకు పరిశోధన చేసినాయన, సూపర్‌కండక్టర్ అస్సలు లేకుండానే అచ్చం అలాంటి వీడియో చేసి చూపించాడు. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ పొడిని గట్టిగా నొక్కి బిళ్ల చేసి, దానికి ఇనుపరజను అంటించాడు. బిళ్ల ఒక అంచు ఆనించి రెండో అంచు లేపి నిలబడింది! పెకింగ్ యూనివర్సిటీ వాళ్లు తాము వండిన రాయి ముక్కల్లోనూ ఇనుములాంటి అయస్కాంత గుణమే ఉందని, సగం తేలడానికి అదే చాలని చూపించారు. నిజమైన సూపర్‌కండక్టర్ అయితే అయస్కాంతం మీద ఏ అంచూ ఆనకుండా, పక్కకి జారకుండా, గాల్లో మేకు కొట్టినట్టు నిలుస్తుంది. కొరియా వీడియోలో ఒక అంచు ఎప్పుడూ ఆనే ఉంది. మనం లేచిన అంచునే చూశాం.

మరి నిరోధం పడిపోయిన మాట? అది అబద్ధం కాదు. దాదాపు 104 డిగ్రీల దగ్గర నిజంగానే ఒక్కసారిగా పడిపోతోంది. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ కెమిస్ట్ ప్రశాంత్ జైన్‌కి ఆ అంకె చూడగానే అనుమానం వచ్చింది. ఎందుకంటే ఆయన అంతకుముందు కాపర్ సల్ఫైడ్ మీద పనిచేశాడు. ఆ ఉష్ణోగ్రత దగ్గరే కాపర్ సల్ఫైడ్ తన లోపలి అమరిక మార్చుకుంటుంది, దాంతో నిరోధం దబ్బున పడుతుంది. రాయిలోకి కాపర్ సల్ఫైడ్ ఎలా వచ్చింది? రెసిపీలోనే ఉంది! సీసం సల్ఫేట్‌లో గంధకం ఉంది, రెండో ముద్దలో రాగి ఉంది. లెక్కకట్టి చూస్తే ఒక పాలు ఎల్‌కే-99కి 17 పాళ్ల రాగి, 5 పాళ్ల గంధకం మిగులుతాయి. అవి రెండూ కొలిమిలో ఒకదాన్నొకటి వదులుతాయా? చైనా అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్లు ఉత్త కాపర్ సల్ఫైడ్‌ని కొలిచి, ఆ పతనం అక్కడిదేనని తేల్చారు.

ఆఖరి దెబ్బ జర్మనీ నుంచి. స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు గంధకం జోలికి పోకుండా వేరే పద్ధతిలో స్వచ్ఛమైన ఎల్‌కే-99 స్ఫటికాలు పెంచారు. అవి నల్లగా కూడా లేవు. ఊదారంగులో, అటువైపు కనిపించేంత పారదర్శకంగా ఉన్నాయి. నిరోధమేమో మిలియన్ల ఓమ్‌లలో ఉంది. అంటే సున్నా నిరోధం అనుకున్నది చివరికి ఇన్సులేటర్! ఇది విని చింటూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘అన్నా, ఇది మొదటి స్లైడ్‌లో పెడతా’ అన్నాడు. నేచర్ పత్రిక ఎల్‌కే-99 సూపర్‌కండక్టర్ కాదని వివరంగా రాసింది ఆగస్టు 16న. పేపర్లు వచ్చిన నాటి నుంచి నాలుగు వారాలు కూడా కాలేదు.

ఇది నిపుణులు పరిశీలించని పేపర్ కాబట్టి ఇలా అయిందని అనుకోకండి. అదే 2023 మార్చిలో రోచెస్టర్ యూనివర్సిటీ బృందం ఇంకో పదార్థం 21 డిగ్రీల దగ్గర సూపర్‌కండక్టర్ అని నేచర్‌లోనే ప్రచురించింది. నవంబర్‌లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది.

అలాగని ఆన్‌లైన్ కబుర్లన్నీ దండగ అని నేను అనను. 2018లో బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి బంగారం, వెండి నానో కణాలతో మైనస్ 37 డిగ్రీల దగ్గర సూపర్‌కండక్టివిటీ చూశామని ఇలాగే ఒక పేపర్ వచ్చింది. అప్పుడు ఎంఐటీలో ఉన్న బ్రయాన్ స్కినర్ గ్రాఫ్‌ని జూమ్ చేసి చూశాడు. రెండు వేర్వేరు కొలతల్లో చుక్కల వణుకు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంది. వణుకు అంటే యాదృచ్ఛికంగా ఉండాలి కదా, రెండుసార్లు ఒకేలా ఎలా వస్తుంది? ఆ ప్రశ్నని నలుగురి ముందు పెట్టాడు, జనం పట్టుకున్నారు. ఎల్‌కే-99 విషయంలోనూ ఇంత తొందరగా తేలిందంటే ఇన్ని కళ్లు పడటం వల్లే. గోల చేసినవాళ్లలో కొలిచినవాళ్లూ ఉన్నారు. నేను వాళ్లలో లేను, అంతే. నేను ఫార్వర్డ్ బ్యాచ్.

చింటూ రెండో సెమినార్ బాగానే అయిందట. వెనక బెంచీవాడే లేచి కాపర్ సల్ఫైడ్ గురించి ప్రశ్న అడిగాడట. వీడు జవాబు చెప్పాడట కూడా.

ఆ రాత్రి ఫ్యామిలీ గ్రూప్ తెరిచి, జులైలో పెట్టిన నా పాత మెసేజ్‌నే పట్టుకుని రిప్లై రాశాను. ‘ఇది తప్పని తేలింది. ఆగస్టులోనే చెప్పాల్సింది, చెప్పలేదు. ఢిల్లీ ల్యాబ్ వాళ్లు ముందే చెప్పారు, ఇదిగో లింకు’ అని. పాత మెసేజ్‌కి పదకొండు స్పందనలు ఉన్నాయి. దీనికి రాత్రంతా ఒక్కటీ లేదు. తెల్లారి పెద్దమ్మ దాని కిందే గుడ్‌మార్నింగ్ గులాబీ పెట్టింది.

తొమ్మిదింటికి నాన్న ఫోన్ చేశారు. ఖమ్మంలో లైన్‌మెన్‌గా రిటైరయ్యారు, మెసేజ్‌లు టైప్ చెయ్యడం ఆయనకి చిరాకు. తిడతారేమో అనుకుంటూ ఎత్తాను.

‘అది సరేరా, పోతే పోయింది. నేను అప్పుడే అడుగుదామనుకున్నా. అది రాయి అంటివి కదా. రాయిని తీగ ఎట్లా లాగుతారు? లాగినా స్తంభం దగ్గర జాయింట్ ఎట్లా వేస్తారు?’

ఇప్పటికే ఉన్న రాయిలాంటి సూపర్‌కండక్టర్లని లోహపు టేపు మీద పల్చటి పూతగా వేస్తారని చెప్పాను. జాయింట్ దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘చూసి చెప్తా నాన్నా’ అన్నాను.

‘చూసే చెప్పు’ అని పెట్టేశారు.