క్రమము లేని పట్టికలను విడదీయుట

మన సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరునందు 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, సెనగ, కంది మున్నగు పంటల విత్తనములను శీతల గృహములలో భద్రపరచుచున్నది. విత్తనమెంత విలువగలదో, అది యేయూరిదో తెలుపు వ్రాతయు నంత విలువగలది.

అట్టి పట్టికలో గడుల నడుమ నొకచో నొక ఖాళీ, వేరొకచో నాలుగు ఖాళీలు పడినవనుకొందము. ఆహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ అను మువ్వురు 1977లో నిర్మించిన ‘ఆక్’ అను కంప్యూటరు భాష, వేరుగ చెప్పనిచో, వరుస ఖాళీలన్నిటిని ఒక్కటిగా నెంచి పంక్తిని విడదీయును. ఇది మిక్కిలి సౌకర్యము. కాని ‘జొన్న పటాన్ చెరు 1980’ అని వ్రాసినచో, ఊరిపేరు రెండుగా చీలి, సంవత్సరము మూడవ గడినుండి నాల్గవదానికి జరుగును. ఊరిపేరే విడిచినచో సంవత్సరము దాని స్థానము నాక్రమించును. యంత్రము మాత్రము తనంతట తానీ తప్పును పట్టజాలదు.

కావున మనము మొదట ప్రతి పంక్తియందెన్ని గడులేర్పడినవో యంత్రముచేతనే లెక్కింపజేసి, లెక్క కుదరని పంక్తులను వేరుచేసి, కంటితో పరీక్షింపవలయును. అంతకంటె మేలైన మార్గమొకటి కలదు. విద్యార్థులారా, పట్టిక వ్రాయునపుడే పేరులలో రాని యొక గుర్తును గడుల నడుమ నుంచి, వివరము లేని గడినిగూడ ఆ గుర్తుతో నిలిపితిమేని, చదువువారికి భ్రమ కలుగదు.