బీపీ మాత్ర వేసుకున్నాక వచ్చే పొడి దగ్గు: సిరప్‌తో ఎందుకు తగ్గదు?

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్‌లో దగ్గుకు కారణం వెతుక్కోనక్కర్లేదు. డాక్, లారీల పొగ, దుమ్ము, చలికాలమైతే పొగమంచు. పక్కనే గార్డెన్ రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం. వాల్తేరు వైపు నుంచి రైల్వే కొలువులకు వచ్చిన తెలుగువాళ్లకూ ఈ గాలి అలవాటే. అందుకే కొత్తగా బీపీ మాత్ర మొదలుపెట్టినవాళ్లు నెల తర్వాత దగ్గుతుంటే తప్పు గాలి మీదకే పోతుంది. సిరప్ సీసా ఖాళీ అవుతుంది గానీ దగ్గు పోదు.

మాత్ర పేరు చివర 'ప్రిల్' ఉందేమో చూడాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ ఒకే కుటుంబం. బ్రెజిల్ పాము విషంపై పరిశోధనల నుంచి పుట్టిన ఈ వర్గంలో మొదటిదైన క్యాప్టోప్రిల్‌కు 1981లో అమెరికా అనుమతి దొరికింది.

మన ఒంట్లో ఏసీఈ అనే ఎంజైమ్ రెండు పనులు చేస్తుంది. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను తయారు చేస్తుంది. వాటిని వదులు చేసే బ్రాడీకైనిన్‌ను విరగ్గొడుతుంది. మాత్ర ఆ ఎంజైమ్‌ను అడ్డుకోగానే బీపీ దిగుతుంది, గుండెకు పని తేలికవుతుంది. అయితే విరగకుండా పోగుపడిన బ్రాడీకైనిన్ శ్వాసనాళాలను గిలిపెడుతుంది. అదే కఫం లేని ఆ దగ్గు. కొందరికి తొలి రోజుల్లోనే వస్తుంది, కొందరికి నెలల తర్వాత. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ.

మరి మాత్ర మానేస్తే? అసలు ప్రమాదం అక్కడే. 1987లో వెలువడిన కాన్సెన్సస్ అధ్యయనంలో తీవ్ర హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 253 మంది ఉన్నారు. ఆరు నెలల్లో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 44 శాతం చనిపోగా, ఎనలాప్రిల్ తీసుకున్నవారిలో 26 శాతం. ఇంత తేడా చూపిన మందును దగ్గు కోసం సొంతంగా ఆపేయడం తెలివైన బేరం కాదు. డాక్టర్‌కు చెబితే లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి 'సార్టాన్'కు మార్చవచ్చు. అవి ఏసీఈ జోలికి పోవు కాబట్టి ఈ దగ్గు అరుదు. పాత దగ్గు సాధారణంగా నాలుగు వారాల్లోపు పోతుంది, ఒక్కోసారి మూడు నెలలూ పట్టొచ్చు.

ప్రతి దగ్గుకూ మాత్రే కారణం కాదు. పడుకుంటే దగ్గు పెరిగి, ఆయాసం, కాళ్ల వాపు ఉంటే గుండె జబ్బే ముదురుతుండవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష కూడా అవసరం. పెదవులు, నాలుక వాచితే మాత్రం మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు ఈ రెండు రకాల మందులూ వాడకూడదు.

కోల్‌కతాలో సందుసందుకూ దొరికే కొబ్బరి బొండాం సంగతీ ఒకటుంది. ఈ మందులు రక్తంలో పొటాషియంను పెంచుతాయి, కొబ్బరి నీళ్లలోనూ అది దండిగా ఉంటుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లు రోజూ తాగేముందు డాక్టర్‌ను అడగాలి.